ముందు దూరం, తర్వాత తూటా, ఆపైన రైఫిల్: వార్మింట్, టార్గెట్ షూటింగ్‌కు ఏది కొనాలి?

"అన్నా, ఏ రైఫిల్ కొనమంటావు?" అని అమెరికాలో స్థిరపడిన తెలుగు మిత్రులు అడిగినప్పుడల్లా నేను ఎదురు ప్రశ్న ఒకటి వేస్తాను: "ఎంత దూరంలో దేన్ని కొడతావు?" చాలామంది దానికి తడుముకుంటారు. దుకాణంలో గోడకు వరుసగా నిలబెట్టిన తుపాకులను చూసి, చేతికి నచ్చినది ఎంచుకుని, దానికి సరిపోయే తూటా కోసం తర్వాత వెతుకుతారు. నేనూ మొదట అలాగే కొన్నాను. దాని ఫలితం ఏమిటో కింద చెబుతాను. ఎంపిక ఎప్పుడూ అటు చివర నుంచి మొదలవ్వాలి: ముందు మైదానం, తర్వాత బుల్లెట్, చివరికి తుపాకీ. (ఈ వ్యాసంలో తూటా అంటే కేసు, మందు, బుల్లెట్ అన్నీ కలిసినది; బుల్లెట్ అంటే దాని కొసన ఉండి ఎగిరిపోయే ముక్క మాత్రమే.)

పంటనూ పచ్చికనూ పాడుచేసే జంతువులను అమెరికన్ రైతులు వార్మింట్ అంటారు. పశ్చిమ మైదానాల్లో ప్రెయిరీ డాగ్ (బొరియల్లో గుంపులుగా బతికే, ఉడుత జాతి చిన్న జంతువు), తూర్పున పెన్సిల్వేనియా, ఒహాయో సోయా చేలల్లో బొరియలు తవ్వే గ్రౌండ్‌హాగ్, దాదాపు దేశమంతటా తోడేలు లాంటి చిన్న జంతువు కొయోటీ. మన ఊళ్లలో మంచె మీద కూర్చుని వడిసెల తిప్పే రైతుకు ఉన్న బాధే ఇక్కడి రైతుదీ. ఆ పనికి వాడే రైఫిల్, కాగితం మీద చిన్న గుండ్రని లక్ష్యాన్ని కొట్టే రైఫిల్ దాదాపు ఒకే జాతివి. రెండింటికీ కావలసింది బలం కంటే గురి. అందుకే ఈ రెండు పనులకూ కలిపి ఒకే రైఫిల్ కొనాలని చాలామంది చూస్తారు. అది సాధ్యమే, కొన్ని రాజీలతో.

తుపాకీ కంటే ముందు చట్టం

గ్రీన్‌కార్డు ఉన్నవారు, పౌరులు డీలర్ దగ్గర 4473 ఫారం నింపి, నేర చరిత్ర తనిఖీ దాటాక రైఫిల్ కొనవచ్చు. హెచ్-1బి వంటి వలసేతర వీసా మీద ఉన్నవారి సంగతి వేరు. తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం వారికి నిషేధం. ఏదైనా రాష్ట్రం జారీ చేసిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. రేంజ్‌లో స్నేహితుడి తుపాకీని కాసేపు పట్టుకున్నా ఈ నిబంధన వర్తిస్తుంది. వలస హోదాకే ముప్పు తెచ్చే విషయం కాబట్టి, సందేహం ఉన్నవారు న్యాయవాదిని అడిగిన తర్వాతే రేంజ్‌లో అడుగు పెట్టాలి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

భారతదేశంలో ఉన్న పాఠకులకు సరదాగా వార్మింట్ వేటాడే వీలు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ తర్వాత దానికి వచ్చిన సవరణలతో సరదా వేట అక్కడ ముగిసిపోయింది. టార్గెట్ షూటింగ్ మాత్రం దర్జాగా ఉంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. టార్గెట్ షూటింగ్ దారి ఎంచుకునేవారికి ఈ వ్యాసంలో .22 లాంగ్ రైఫిల్ అనే తూటా గురించిన భాగం పనికొస్తుంది, మిగతాది సరదాగా చదువుకోవచ్చు.

దేన్ని బట్టి తూకం వేయాలి

మొదటిది దూరం. నిటారుగా నిలబడిన ప్రెయిరీ డాగ్ అడుగు ఎత్తు, మూడు నాలుగు అంగుళాల వెడల్పు ఉంటుంది. రైఫిల్ ఖచ్చితత్వాన్ని ఇక్కడ ఎంఓఏలో (మినిట్ ఆఫ్ యాంగిల్, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) కొలుస్తారు. ఒక ఎంఓఏ 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు, 300 గజాల దగ్గర మూడు అంగుళాల పైచిలుకు. అంటే ఒక ఎంఓఏ గ్రూప్ (ఒకే గురికి కొట్టిన తూటాల చిల్లులు పరుచుకునే వెడల్పు) కొట్టే రైఫిల్ 300 గజాల్లో ఆ జంతువు వెడల్పు మొత్తాన్ని తానే తినేస్తుంది. మీ చేతి వణుకుకు, గాలి అంచనాలో పొరపాటుకు ఇక చోటు మిగలదు. కాబట్టి వార్మింట్ రైఫిల్ అర ఎంఓఏ నుంచి ముప్పావు ఎంఓఏ లోపు ఉండాలి. కొయోటీకి మాత్రం ఒక ఎంఓఏ ధారాళంగా చాలు.

రెండవది గాలి. బుల్లెట్ ఎంత కిందికి జారుతుందన్నది లెక్క కడితే తేలే విషయం. లేజర్ రేంజ్‌ఫైండర్ దూరం చెబుతుంది, రైఫిల్ మీద గురి చూసే దుర్బిణి, అంటే స్కోపు, మరను ఎన్ని క్లిక్కులు తిప్పాలో ఫోనులోని యాప్ చెబుతుంది. గాలిని అలా ఎవరూ చెప్పలేరు. పశ్చిమ కాన్సస్‌లో తెల్లవారు జామున గడ్డి కదలదు. పది దాటేసరికి గడ్డి కొసలు ఒకవైపు వాలతాయి, స్కోపులో ఎండమావి ఏటి నీళ్లలా పారుతుంది. ఆ పారే దిక్కే గాలి దిక్కు. మధ్యాహ్నానికి గంటకు 20 మైళ్లు వీచే రోజులు అక్కడ మామూలే. కాబట్టి ఏ తూటా పక్కగాలికి ఎంత జరుగుతుందో చూడకుండా దాని వేగం మాత్రమే చూసి మురిసిపోకూడదు.

మూడవది రోజుకు ఎన్ని తూటాలు పేలుస్తారన్నది. కొయోటీ వేటలో రోజంతా తిరిగినా రెండు మూడు పేలితే గొప్ప. ప్రెయిరీ డాగ్ కాలనీ ముందు బెంచీ వేసుకుని కూర్చుంటే ఒక్క పూటలో రెండు మూడు వందలు అయిపోతాయి. ఖర్చు, బ్యారెల్ (తుపాకీ గొట్టం) వేడి, భుజం నొప్పి అన్నీ ఈ ఒక్క లెక్క మీద ఆధారపడతాయి.

నాలుగవది ట్విస్ట్. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే కొనేవాళ్లు అందరికంటే తక్కువగా అడిగేది దీని గురించే.

ట్విస్ట్: బొంగరం లెక్క

బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి. వాటి వల్ల బుల్లెట్ గిర్రున తిరుగుతూ బయటికి వస్తుంది. పన్నెండు అంగుళాల ప్రయాణానికి ఒక చుట్టు తిరిగితే 1:12 ట్విస్ట్, ఎనిమిది అంగుళాలకే తిరిగితే 1:8. బొంగరం ఎంత పొడవుగా ఉంటే నిలబడటానికి అంత జోరుగా తిప్పాలి. బుల్లెట్‌దీ అదే లెక్క. బరువైన బుల్లెట్ పొడవుగా ఉంటుంది, దానికి జోరైన ట్విస్ట్ కావాలి.

నేను మొదట కొన్నది .22-250 అనే తూటా పేల్చే రైఫిల్. అది పాతకాలపు 1:14 ట్విస్ట్ బ్యారెల్. నాకు ఆ సంగతి తెలియదు. పోటీల్లో అందరూ బరువైన బుల్లెట్లు వాడుతున్నారని విని 69 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువుకు వాడే కొలత) బుల్లెట్లు తెచ్చాను. 100 గజాల దగ్గర పెట్టిన కాగితం దగ్గరికి నడిచి వెళ్లి చూస్తే గుండ్రటి చిల్లులకు బదులు బియ్యపు గింజ ఆకారంలో చిల్లులు. బుల్లెట్ గాలిలో అడ్డంగా పల్టీ కొట్టి, పక్కవాటుగా కాగితంలో దూరిందన్నమాట. రైఫిల్‌లో లోపం లేదు, బుల్లెట్‌లో లోపం లేదు. రెండూ ఒకదాని కోసం ఒకటి పుట్టలేదు, అంతే. అదే రైఫిల్‌లో 52 గ్రెయిన్ల బుల్లెట్ వేస్తే అయిదు తూటాలూ ఒక పావలా నాణెం కిందికి వచ్చాయి.

పెద్ద కంపెనీలూ ఈ లెక్కలో తప్పాయి. 1955లో వించెస్టర్ .243ను, రెమింగ్టన్ .244ను ఒకే ఏడాది విడుదల చేశాయి. రెండూ 6 మిల్లీమీటర్ల బుల్లెట్లే వాడతాయి. రెమింగ్టన్ వార్మింట్ వేటగాళ్లను మనసులో పెట్టుకుని 1:12 ట్విస్ట్ ఇచ్చింది, వించెస్టర్ 1:10 ఇచ్చింది. జింక వేటకు కావలసిన 100 గ్రెయిన్ల బుల్లెట్‌ను 1:12 నమ్మకంగా నిలబెట్టలేకపోయింది. రెండు పనులకూ ఒకే రైఫిల్ కోరుకున్న కొనుగోలుదార్లు .243 వైపు వెళ్లారు. 1963లో రెమింగ్టన్ ట్విస్ట్ మార్చి, దానికి 6 ఎంఎం రెమింగ్టన్ అని కొత్త పేరు పెట్టింది. అప్పటికే పోటీ ముగిసిపోయింది. నేటికీ .243 ప్రతి దుకాణంలో దొరుకుతుంది, రెండవదాని తూటాల కోసం వెతుక్కోవాలి.

ఇప్పటి కొనుగోలుదారుకు ఇంకో కారణం కూడా తోడైంది. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ జంతువును కాల్చాలన్నా సీసం లేని బుల్లెట్లే వాడాలి. రాగి సీసం కంటే తేలిక, కాబట్టి అదే బరువుకు రాగి బుల్లెట్ పొడవు పెరుగుతుంది. పొడవు పెరిగితే ట్విస్ట్ జోరు పెరగాలి. నిదానమైన ట్విస్ట్ రైఫిల్ కొన్నవారికి ఆ రాష్ట్రంలో ఎంచుకోవడానికి బుల్లెట్లే తగ్గిపోతాయి.

తూటాలు ఒక్కొక్కటిగా

*.22 లాంగ్ రైఫిల్.* 1887 నాటిది. నేటికీ ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా పేలే తూటా ఇదే అంటే ఎవరూ కాదనరు. ఒలింపిక్ 50 మీటర్ల రైఫిల్ పోటీ దీనితోనే. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే మూడు భంగిమల విభాగంలో కాంస్యం గెలిచింది ఈ తూటాతోనే. అన్నిటికంటే చవక, భుజానికి తన్ను తెలియదు, బ్యారెల్ తరిగిపోదు. వార్మింట్ వేటకు మాత్రం 75 గజాలు దాటి నమ్మకూడదు. ఇంకో మాట: దీని బుల్లెట్ నిదానంగా వెళ్తుంది, గట్టి నేలను తాకితే ముక్కలవ్వకుండా జారి ఎగురుతుంది. పెట్టె మీదే మైలున్నర దూరం ప్రమాదమని హెచ్చరిక ఉంటుంది. వెనక మట్టిగట్టు లేని చోట దీన్ని పేల్చకండి. చిన్న తూటా కదా అని అనుకునేవాళ్ల చేతిలోనే దీనితో ప్రమాదం ఎక్కువ.

*.17 హెచ్‌ఎంఆర్.* హార్నడీ 2002లో తెచ్చింది. 17 గ్రెయిన్ల బుజ్జి బుల్లెట్, సెకనుకు 2,550 అడుగుల వేగం. గాలి లేని ఉదయం 150 గజాల వరకు దీని గురి చూసి ఆనందించాల్సిందే. నేలను తాకగానే పిండి పిండి అవుతుంది కాబట్టి ఎగిరిపడే ప్రమాదం .22 కంటే చాలా తక్కువ. ఊళ్లకు దగ్గరగా ఉన్న చేలల్లో గ్రౌండ్‌హాగ్‌ల బెడద ఉన్నవారికి మంచి జోడీ. గాలి లేచిందంటే మాత్రం చేతులెత్తేస్తుంది. కొయోటీ మీద దీన్ని వాడటాన్ని నేను ఒప్పుకోను. గాయపడి పారిపోయిన జంతువు ఎక్కడో రెండు రోజులు బాధపడి చస్తుంది. చంపే పనిలోకి దిగినవారికి ఒక్క దెబ్బతో ముగించే బాధ్యత ఉంది.

*.223 రెమింగ్టన్.* నా ఓటు దీనికే. కారణాలు మూడు. సెంటర్‌ఫైర్ (అడుగు మధ్యలో పిన్ను తగిలి పేలే) తూటాల్లో అన్నిటికంటే చవకగా దొరికేది ఇదే. తన్ను ఎంత తక్కువంటే స్కోపులోంచి కన్ను తీయకుండానే బుల్లెట్ ఎక్కడ తగిలిందో మీరే చూడవచ్చు. తప్పిన బుల్లెట్ లేపిన దుమ్మును చూసి తర్వాతిదాన్ని సరిదిద్దుకోవడంలోనే సగం చదువు ఉంది. మూడవది, 1:8 ట్విస్ట్ బ్యారెల్‌లో 40 గ్రెయిన్ల నుంచి 77 గ్రెయిన్ల వరకు అన్నీ నడుస్తాయి. ఉదయం 53 గ్రెయిన్ల బుల్లెట్‌తో ప్రెయిరీ డాగ్‌లు, ఆదివారం 73 లేదా 77 గ్రెయిన్ల బుల్లెట్‌తో 600 గజాల పోటీ. బ్యారెల్ కూడా అయిదు వేల తూటాల దాకా గురి నిలుపుకుంటుందని చాలామంది అనుభవం.

ఒక జాగ్రత్త: సైన్యాలు వాడే 5.56 నాటో తూటా చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది. .223 అని చెక్కిన చాంబర్‌లో (తూటా కూర్చునే గదిలో) దాన్ని పేలిస్తే ఒత్తిడి హద్దు మీరవచ్చు. బ్యారెల్ మీద ఏమి చెక్కి ఉందో అదే వాడండి.

*.22-250 రెమింగ్టన్.* చాలాకాలం వేటగాళ్లు సొంతంగా తయారు చేసుకున్న తూటా ఇది. 1965లో రెమింగ్టన్ తన కర్మాగారంలో మొదలుపెట్టింది. 55 గ్రెయిన్ల బుల్లెట్‌ను 3,680 అడుగుల వేగంతో పంపుతుంది. 200 గజాలకు గురి కుదిర్చి పెడితే 300 దగ్గర .223 ఏడెనిమిది అంగుళాలు జారుతుంది, ఇది ఆరు లోపే. కొయోటీ ఉన్నట్టుండి 280 గజాల దగ్గర ఆగి వెనక్కి చూసినప్పుడు, దూరం కొలిచే తీరిక లేనప్పుడు, ఆ తేడా అక్కరకొస్తుంది. ప్రెయిరీ డాగ్‌ల ముందు దీన్ని పెట్టుకుని కూర్చోవడం మాత్రం డబ్బుకూ బ్యారెల్‌కూ నష్టం. పాతిక తూటాలు వరుసగా పేల్చాక బ్యారెల్ మీద చేయి పెట్టండి, పెనం మీద పెట్టినట్టు ఉంటుంది. ఆ వేడికి చాంబర్ ముందు ఉండే గాడులు కాలి పగుళ్లిస్తాయి. రెండు వేల తూటాలు దాటాక గురి సన్నగిల్లడం మామూలు.

*.204 రూగర్.* 2004లో వచ్చింది. 32 గ్రెయిన్ల బుల్లెట్ 4,225 అడుగుల వేగంతో పోతుంది. 40 గ్రెయిన్లది 3,900. గాలికి .22-250 కంటే కాస్త తక్కువే జరుగుతుంది, తన్ను .223 అంతే. వార్మింట్ ఒక్కటే చాలనుకునేవారికి ఇంతకంటే హాయైన తూటా నాకు కనిపించలేదు. టార్గెట్ పోటీల్లో దీనికి చోటు లేదు, తూటాలు ప్రతి ఊళ్లో దొరకవు. ఈ రెండు మాటల దగ్గరే చాలామంది ఆగిపోతారు.

*.243 వించెస్టర్.* తేలిక బుల్లెట్‌తో ప్రెయిరీ డాగ్, 100 గ్రెయిన్లతో జింక. ఒకే రైఫిల్, రెండు సీజన్లు కావాలనుకునేవారికి ఇదే. తన్ను .223 కంటే స్పష్టంగా ఎక్కువ, యాభై తూటాల తర్వాత భుజం గుర్తుచేస్తుంది. బ్యారెల్ .22-250 లాగే త్వరగా అలుస్తుంది.

*6.5 క్రీడ్‌మోర్, 6 ఎంఎం క్రీడ్‌మోర్.* మొదటిదాన్ని హార్నడీ 2007లో టార్గెట్ పోటీల కోసమే తెచ్చింది. 140 గ్రెయిన్ల సన్నని పొడవైన బుల్లెట్ గాలిని కోసుకుపోతుంది. 600 నుంచి 1,000 గజాల స్టీలు ప్లేట్లు కొట్టాలని మనసుంటే తిన్నగా దీని దగ్గరికే వెళ్లండి. మూడు పౌండ్లు కూడా ఉండని ప్రెయిరీ డాగ్‌కు ఇది బ్రహ్మాస్త్రమే. 6 ఎంఎం తమ్ముడు తక్కువ తన్నుతో పోటీదార్లకు నచ్చుతాడు గానీ బ్యారెల్‌ను వేగంగా తింటాడు.

బెంచ్‌రెస్ట్ (రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే పోటీలు) లోకంలో 6 ఎంఎం పీపీసీ, 6 ఎంఎం బీఆర్ రాజ్యమేలుతున్నాయి. అవి తూటాలు ఇంట్లో తామే నింపుకునేవారి తూటాలు. మొదటి రైఫిల్‌కు వాటి జోలికి పోవద్దు.

ఒక చూపులో

గాలి అంకెలు సాధారణ ఫ్యాక్టరీ తూటాలకు, గంటకు 10 మైళ్ల నిండు పక్కగాలికి నేను లెక్కగట్టిన అంచనాలు. మీ రైఫిల్‌లో కొద్దిగా అటూ ఇటూ అవుతాయి.

| తూటా | బుల్లెట్ (గ్రెయిన్లు) | వేగం (సెకనుకు అడుగులు) | పక్కగాలికి జరిగేది | వార్మింట్‌కు నమ్మదగిన దూరం | టార్గెట్‌కు |
|---|---|---|---|---|---|
| .22 లాంగ్ రైఫిల్ | 40 | 1,070 | 100 గజాల వద్ద 4 అంగుళాలు | 75 గజాలు | 50 మీటర్లు, 100 గజాలు |
| .17 హెచ్‌ఎంఆర్ | 17 | 2,550 | 200 గజాల వద్ద 15 అంగుళాలు | 150 గజాలు | సరదాకే |
| .223 రెమింగ్టన్ | 55 | 3,240 | 300 గజాల వద్ద 11 అంగుళాలు | 300 గజాలు | బరువైన బుల్లెట్‌తో 600 గజాలు |
| .204 రూగర్ | 40 | 3,900 | 300 గజాల వద్ద 8 అంగుళాలు | 350 గజాలు | అరుదు |
| .22-250 | 55 | 3,680 | 300 గజాల వద్ద 9 అంగుళాలు | 400 గజాలు | అరుదు |
| .243 వించెస్టర్ | 58 | 3,750 | 300 గజాల వద్ద 9 అంగుళాలు | 400 గజాలు | బరువైన బుల్లెట్‌తో దూరాలకు |
| 6.5 క్రీడ్‌మోర్ | 140 | 2,710 | 300 గజాల వద్ద 5.5 అంగుళాలు | అవసరానికి మించినది | 1,000 గజాలు |

పట్టికలో 6.5 క్రీడ్‌మోర్ వరుసను మరోసారి చూడండి. వేగంలో అది .223 కంటే వెనక, గాలి దగ్గర అందరికంటే ముందు. పొడవైన, బరువైన, సన్నని ముక్కు గల బుల్లెట్ చేసే మేలు అది.

రైఫిల్ దగ్గరికి వద్దాం

ఇక్కడ ఎంపిక సులువు. నేటి ఫ్యాక్టరీ బోల్ట్ రైఫిళ్లలో (చేత్తో పిడి లాగి ఒక్కో తూటా ఎక్కించేవి) చవకైనవి కూడా ముప్పై ఏళ్ల కిందటి ఖరీదైన వాటి కంటే గురిగా కొడతాయి. రూగర్ అమెరికన్, సావేజ్, హోవా 1500, టిక్కా టి3ఎక్స్, బెర్గారా బి-14: వీటిలో దేన్ని ఎంచుకున్నా తప్పు పట్టను. నాకు టిక్కా బోల్ట్ జారే తీరు ఇష్టం, దాని .223 బ్యారెల్ 1:8 ట్విస్ట్‌తో రావడం అంతకంటే ఇష్టం. సావేజ్ రైఫిల్‌లో బ్యారెల్‌ను నట్టుతో బిగిస్తారు కాబట్టి, సరైన గేజీలు, కాస్త శ్రద్ధ ఉంటే అరిగిన బ్యారెల్‌ను ఇంట్లోనే మార్చుకోవచ్చు. ఎక్కువ పేల్చేవారికి అది పెద్ద వరం. .22 కోసం అయితే సీజెడ్ 457 చూడండి. అదే రైఫిల్‌కు .17 హెచ్‌ఎంఆర్ బ్యారెల్ కూడా కొని బిగించుకోవచ్చు.

బ్యారెల్ లావుగా ఉంటే గురి పెరుగుతుందని ఒక నమ్మకం ఉంది. సన్న బ్యారెల్ కూడా మొదటి మూడు తూటాలు అంతే గురిగా కొట్టగలదు. లావు బ్యారెల్ ఆలస్యంగా వేడెక్కుతుంది, ఇరవయ్యో తూటా కూడా మొదటిదాని పక్కనే పడుతుంది. దాని విలువ అక్కడ ఉంది. బెంచీ మీద కూర్చుని రోజంతా కాల్చేవారు స్కోపుతో కలిపి 11, 12 పౌండ్ల రైఫిల్ కొనండి. కొయోటీ కోసం కొండలు ఎక్కి దిగేవారికి ఆ బరువు శిక్ష. వారికి ఏడెనిమిది పౌండ్లు చాలు.

ఏఆర్-15 తరహా సెమీ ఆటోమేటిక్ కొనాలా అని అడిగేవారున్నారు. మంచి బ్యారెల్ ఉన్నది ఒక ఎంఓఏ లోపే కొడుతుంది, రెండో తూటా వెంటనే సిద్ధం. రెండు మూడు కొయోటీలు ఒకేసారి వేటగాడి నకిలీ పిలుపుకు వచ్చినప్పుడు అది లాభం. ఇంట్లో తూటాలు నింపుకునేవారికి మాత్రం ఇత్తడి కేసులు గడ్డిలో ఎక్కడెక్కడో పడి వెతుకులాట మిగులుతుంది. కొన్ని రాష్ట్రాల్లో వీటి మీద ఆంక్షలూ ఉన్నాయి. కొత్తగా నేర్చుకునేవారికి బోల్ట్ రైఫిలే మేలు. ఒక్కో తూటాకూ చేయి కదపాలి కాబట్టి ప్రతిదాన్నీ ఆలోచించి పేలుస్తారు.

స్కోపు దగ్గర ఒక్క విషయం. .22తో 50 గజాల దగ్గర సాధన చేసేవారు పారలాక్స్‌ను ఆ దూరానికి సరిదిద్దుకునే స్కోపే కొనాలి. 100 గజాలకు పైన స్థిరంగా అమర్చి ఇచ్చే స్కోపులో కన్ను కాస్త పక్కకు జరిగితే గురి కూడా జరిగినట్టు కనిపిస్తుంది. మిగతా అందరికీ 4 నుంచి 16 రెట్లు పెంచి చూపే స్కోపు చాలు. 25 రెట్లు పెంచి చూస్తే మధ్యాహ్నం ఎండమావి తప్ప మరేమీ కనిపించదు.

మీరు ఎవరైతే ఏది

పోటీల్లో అడుగుపెట్టాలనుకునేవారు ముందు నియమాలు చదవాలి. ఎఫ్-క్లాస్ (పడుకుని, రైఫిల్‌ను ఆధారం మీద ఉంచి దూరపు లక్ష్యాన్ని కొట్టే) పోటీల్లో ఎఫ్-టీఆర్ విభాగానికి .223, .308 తూటాలే అనుమతి, రైఫిల్ బరువు 8.25 కిలోలు మించకూడదు. ఓపెన్ విభాగానికి 10 కిలోలు. కాబట్టి .223 ఉన్నవారికి ఒక తలుపు ముందే తెరిచి ఉంది. అలబామాలోని టల్లడేగా మార్క్స్‌మన్‌షిప్ పార్కు లాంటి చోట 600 గజాల లైను ఉంది, లక్ష్యం మీద తగిలిన చోటు పక్కనే తెర మీద కనిపిస్తుంది. తొలి అనుభవానికి అలాంటి చోటు ఎంచుకోండి.

పిల్లలతో, జీవిత భాగస్వామితో కలిసి నేర్చుకునే కుటుంబానికి నా సలహా .22 ఒక్కటే, కనీసం మొదటి ఏడాది. 100 గజాల్లో గాలి .22 బుల్లెట్‌ను జరిపే తీరు పెద్ద రైఫిల్‌ను దూరాన జరిపే తీరుకు నమూనా లాంటిది. తక్కువ ఖర్చుతో గాలి చదవడం వచ్చేస్తుంది.

ఇంట్లో తూటాలు నింపుకునే ఓపిక లేనివారు .223, .243, 6.5 క్రీడ్‌మోర్ దాటి పోవద్దు. ప్రతి దుకాణంలో అరలో ఉండేవి ఇవే.

పశువుల మందలున్న రైతుకు కొయోటీల బెడద తగ్గించడానికి సాయపడేవారికి .22-250 లేదా .243. ఇక్కడ దూరం అంచనాలో పొరపాటును వేగం కొంత కాచుకుంటుంది.

ప్రెయిరీ డాగ్‌ల కోసం మైదానాలకు వెళ్లేవారికి రెండు రైఫిళ్లు తీసుకెళ్లడం అలవాటు చేసుకోమంటాను: దగ్గరివాటికి .22 లేదా .17, దూరానికి .223. ఒకటి చల్లారుతుంటే ఇంకొకటి పనిచేస్తుంది. వెళ్లేముందు ఆ నేల ఎవరిదో, అనుమతి ఉందో లేదో కనుక్కోండి. దక్షిణ డకోటాలోని కొనాటా బేసిన్‌లో ప్రెయిరీ డాగ్‌లను కాల్చడం నిషేధం, వాటినే తిని బతికే నల్లకాళ్ల ఫెరెట్ అనే ముంగిస లాంటి జంతువు అక్కడ అంతరించిపోయే దశ నుంచి కోలుకుంటోంది. యూటా ప్రెయిరీ డాగ్ జాతికే ఫెడరల్ రక్షణ ఉంది. ఇంకొకటి: పాత బొరియల నోటి దగ్గర పొడవాటి కాళ్ల మీద నిటారుగా నిలబడే బుజ్జి గుడ్లగూబలు ఉంటాయి. 250 గజాల్లో వాటి ఆకారం ప్రెయిరీ డాగ్‌కు దగ్గరగా ఉంటుంది. అది చట్టం కాపాడే పక్షి. ఒకసారి నేను ట్రిగ్గర్ మీద వేలు పెట్టబోతుండగా ఆ ఆకారం ఒళ్లు కదలకుండా తల ఒక్కటే వెనక్కి తిప్పింది. పసుపుపచ్చ కళ్లు రెండూ స్కోపులో నిండాయి. అప్పటి నుంచి ముందు ముఖం చూశాకే సేఫ్టీ తీస్తాను.

డీలర్ బల్ల దగ్గర

ఏదీ తేల్చుకోలేకపోతున్నారా? లావు బ్యారెల్, 1:8 ట్విస్ట్, బోల్ట్ చర్య, .223. ఇది కొన్నందుకు నొచ్చుకున్నవారిని నేను ఇంతవరకు చూడలేదు.

డబ్బు చెల్లించేముందు బ్యారెల్‌ను వెలుగులోకి తిప్పి, దాని మీద చెక్కిన అక్షరాలు చదవండి. తూటా పేరు తప్పక ఉంటుంది, చాలాసార్లు ట్విస్ట్ కూడా ఉంటుంది. ట్విస్ట్ లేకపోతే డీలర్‌ను కంపెనీ పట్టిక తీయమని అడగండి. మొహమాటపడాల్సిన పని లేదు. ఆ తర్వాత ఒకే రకం తూటాలు పది పెట్టెలు కొనకుండా, వేర్వేరు బరువుల్లో నాలుగు రకాలు ఒక్కో పెట్టె తీసుకోండి. ప్రతి బ్యారెల్‌కూ ఒక ఇష్టమైన బుల్లెట్ ఉంటుంది. గాలి లేని ఉదయం 100 గజాల దగ్గర, ప్రతి రకంతో అయిదేసి తూటాల గ్రూపులు రెండు కొట్టి, కాగితం మీద తేదీ, తూటా పేరు రాసి దాచుకోండి. రెండు గ్రూపులూ చిన్నగా వచ్చిన పెట్టె ఏదో చూసి, అప్పుడు ఆ రకం ఎక్కువ మొత్తంలో తెచ్చుకోండి.